పాత నిలువు గడియారం డయల్ మీద పేరు చదవలేకపోతున్నా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి (అర్జెంట్)

లెస్టర్ గోపి | శనివారం రాత్రి 11:52
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటి నుంచీ దీని ముందే కూర్చున్నా. కలిపిన అన్నం కంచంలోనే ఎండిపోయింది. మా ఇంట్లో పాత ఇంగ్లీషు గ్రాండ్‌ఫాదర్ క్లాక్ ఒకటుంది. డయల్ తెల్లటిది, ఇనప రేకు మీద రంగులేసింది. మధ్యలో చేసినవాడి పేరు, దానికింద ఊరి పేరు ఉండాలట. ఎంత చూసినా అంతు చిక్కట్లేదు. టార్చి వేశా, భూతద్దం పెట్టా, ఫొటో తీసి నలుపు తెలుపు చేశా, కాంట్రాస్ట్ పెంచా, నెగెటివ్ చేశా. దారప్పోగుల్లా నాలుగు గీతలు తప్ప ఏమీ లేదు. డయల్ వెనకాల ఇనప పలక మీద మాత్రం ‘విల్సన్’ అని పోత అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. అంటే విల్సన్ చేసిన గడియారమేగా? ఆ పేరు కొడితే నెట్‌లో వందమంది విల్సన్లు వస్తున్నారు. సోమవారం వెల కట్టే ఆయన వస్తున్నాడు. ఆలోపు తేలాలి. ప్లీజ్.

ఇనపపెట్టె | 11:58
ఫొటో.

లెస్టర్ గోపి | శనివారం అర్ధరాత్రి 12:03
ఫొటోలో పేరు కనపడట్లేదనే కదండీ నా బాధ.

ఇనపపెట్టె | 12:04
పేరు ఫొటో అడగలేదు. డయల్ మొత్తం. వెనక పలక. పెట్టండి.

పాతకాలం పంతులు | 12:21
నాయనా గోపీ, ముందు ఒక మాట. దాన్ని గ్రాండ్‌ఫాదర్ క్లాక్ అనకూడదు. 1876లో అమెరికాలో హెన్రీ క్లే వర్క్ అనే ఆయన తాతగారి గడియారం మీద పాట కట్టాడు. అది ఇంటింటా మోగిపోయి ఆ పేరు స్థిరపడింది. నీ గడియారం అంతకంటే పాతదైతే, పుట్టిననాడు దాన్నెవరూ తాతా అని పిలవలేదు. తెలిసినవాళ్ళు లాంగ్‌కేస్ అంటారు. మా చిన్నప్పుడు జమీందారుగారి హాల్లో ఉన్నదాన్ని మేం నిలువు గడియారం అనేవాళ్ళం, అదే చక్కటి మాట. పేరు సరిగ్గా పెట్టడం రాకపోతే వెతకడమూ రాదు.

రంగుల రాట్నం | 12:25
పంతులుగారూ, ఆయన అడిగింది పేరే గానీ ఈ పేరు కాదు 😀

లెస్టర్ గోపి | 12:40
ఫొటోలు రెండు పెట్టా. పంతులుగారూ, లాంగ్‌కేసే. సరేనా.

బర్మింగ్‌హామ్ భారతి | ఆదివారం ఉదయం 7:15
గోపిగారూ, ఇప్పుడే చూశాను. మంచి డయల్ అండీ. నాలుగు మూలల్లో ఉబ్బెత్తుగా బంగారు తీగ, మధ్య స్ట్రాబెర్రీలు, పైన ఆర్చ్‌లో చంద్రుడు. గంటలకి రోమన్ కాకుండా 1, 2, 3 అంకెలున్నాయి, అది కూడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దాని దగ్గరికి.

ముందు విల్సన్ సంగతి. విల్సన్ డయల్ చేసినవాడు, గడియారంతో ఆయనకి సంబంధం లేదు. శుభలేఖ అడుగున ప్రెస్సు పేరుంటుంది కదా, ప్రెస్సువాడు పెళ్ళికొడుకు అయిపోడుగా! మీరు చూసిన పలకని ఫాల్స్‌ప్లేట్ అంటారు. డయల్ వెనక కాళ్ళు, అంటే యంత్రానికి బిగించే చిన్న కడ్డీలు, రంగు వేయకముందే రేకుకి రివెట్ చేస్తారు. ఆ తర్వాత వాటిని జరపాలంటే ముందువైపు రంగు పెచ్చులు లేస్తుంది. డయల్ తయారయ్యేది బర్మింగ్‌హామ్‌లో, గడియారం కట్టేది ఎక్కడో చిన్న ఊళ్ళో. ఆ కాళ్ళు వచ్చే చోట ఈయన యంత్రంలో చక్రం ఉండొచ్చు, ఇంకేదైనా అడ్డు రావొచ్చు. అందుకని మధ్యలో ఈ పోత పలక. డయల్ కాళ్ళు పలకలోకి, పలక కాళ్ళు యంత్రంలోకి. గడియారం కట్టేవాడికి తనకి వీలైన చోట రంధ్రాలు పెట్టుకునే వెసులుబాటు.

ఆస్‌బార్న్, విల్సన్ అనే ఇద్దరు కలిసి ఈ తెల్ల డయళ్ళు అమ్ముతున్నామని బర్మింగ్‌హామ్ పత్రికలో ప్రకటన ఇచ్చింది 1772 సెప్టెంబరులో. 1777లో విడిపోయారు. తర్వాత జేమ్స్ విల్సన్ 1809లో పోయేదాకా ఒక్కడే నడిపాడు. ఒక్క విల్సన్ పేరే ఉందంటే మీ డయల్ ఆ మధ్యది.

లెస్టర్ గోపి | 7:50
1850 అని చెప్పాడే అమ్మినాయన!

బర్మింగ్‌హామ్ భారతి | 8:02
1850 అయితే మూలలు ఇలా ఉండవండీ. 1830 దాటాక మూలలు నిండా బొమ్మలే, ఖాళీ వదలరు. నాలుగు ఋతువులో, నాలుగు ఖండాలో, ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు, వేల్స్ నలుగురు ఆడవాళ్ళ రూపంలోనో. గంటలకి మళ్ళీ రోమన్ అంకెలు వచ్చేస్తాయి, ముళ్ళు ఇత్తడివి. మీ దాంట్లో తెలుపే ఎక్కువ, రంగు ఏదో తాంబూలంలో వక్కలా మూలకి ఇంత. 1, 2, 3 అంకెల మోజు 1800 అటూ ఇటూగా ఉంది. విల్సన్ చివరి పదేళ్ళలోది అనుకుంటున్నా.

ఒక్కటి చూసుకోండి. యంత్రం ముందు ఇత్తడి పలక మీద పనిలేని పాత రంధ్రాలు ఉన్నాయేమో. ఉంటే డయల్ ఒక గడియారానిది, యంత్రం ఇంకోదానిది, ఎవరో తర్వాత జత కలిపారన్నమాట. విప్పేటప్పుడు ముందు గుండ్లు తీయండి, తర్వాత లోలకం, ఆ తర్వాతే పైన తలకట్టు (డయల్ చుట్టూ ఉండే చెక్క పెట్టె) ముందుకి లాగండి. గుండు ఒక్కోటి అయిదారు కిలోలుంటుంది, కాలిమీద పడితే సోమవారం మీరు ఆస్పత్రిలో ఉంటారు.

ఇనపపెట్టె | 8:10
తాళం రంధ్రాలు రెండు. ఒకసారి తిప్పితే ఎనిమిది రోజులు నడిచేది. అది కూడా రాయలేదు ఈయన.

ఇనపపెట్టె | 8:11
దేంతో తుడిచారు?

లెస్టర్ గోపి | 8:30
రంధ్రాలు చూశా, అదనంగా ఏమీ లేవు. 🙏

ఇనపపెట్టె | 8:31
దేంతో తుడిచారు?

లెస్టర్ గోపి | 8:47
బూజు పట్టి ఉంటే మామూలుగా తుడిచానండీ.

ఇనపపెట్టె | 8:47
దేంతో.

లెస్టర్ గోపి | 9:05
వంటింట్లో స్టవ్ గట్టు తుడిచే స్ప్రే. కొంచెమే. శుక్రవారం రాత్రి. టిష్యూ నల్లగా వచ్చింది, రెండొందల ఏళ్ళ మురికి వదిలిందని సంబరపడ్డా. ఇప్పుడు మా ఆవిడ అంటోంది, “అక్కడేదో రాసుండేది కదా” అని. నేను అప్పుడు చదవలేదు.

ఇనపపెట్టె | 9:06
అది మురికి కాదు. పేరు.

రంగుల రాట్నం | 9:14
అయ్యో! కానీ ఒక డౌటు. ఎనామెల్ కదా, స్ప్రేకి ఎలా పోతుంది? మా అమ్మమ్మ ఎనామెల్ గిన్నె నలభై ఏళ్ళు తోమినా పువ్వు చెక్కుచెదరలేదు.

మీనాకారి మూర్తి | 9:33
అది ఎనామెల్ కాదు. మా నాన్న మీనా పని చేసేవారు కాబట్టి చెబుతున్నా. మీనా అంటే గాజుపొడి. లోహం మీద పరిచి కొలిమిలో కరిగిస్తే పొర కడుతుంది. అడుగు వెడల్పు రేకుకి అలా చెయ్యడం మాటలు కాదు, పగిలిపోతుంది. ఈ డయళ్ళది రంగు, వార్నిషు. పూత మీద పూత వేసి, పొయ్యిలో తక్కువ సెగ మీద ఆరబెట్టి, గట్టిపడ్డాక నునుపు చేస్తారు. జపాన్ పని అంటారు ఇక్కడ.

పాతకాలం పంతులు | 9:50
మూర్తిగారూ, ఇంగ్లీషులో ఎనామెల్ పెయింట్ అని డబ్బా మీదే రాసి అమ్ముతారు. కనక ఎనామెల్ అనడం తప్పేమీ కాదు.

మీనాకారి మూర్తి | 9:54
డబ్బా మీద రాస్తే అయిపోతుందా? రోల్డుగోల్డులో కూడా గోల్డు ఉంది, తాకట్టు పెట్టుకుంటారా?

బర్మింగ్‌హామ్ భారతి | 10:01
ఇద్దరూ ఆగండి. ఆ 1772 ప్రకటనలోనే ‘ఎనామెల్‌ని పోలిన’ డయళ్ళు అని రాసుకున్నారు. పోలినవి అంటే అవి కాదనేగా. మూర్తిగారిదే రైటు.

పాతకాలం పంతులు | 10:09
రాత్రి నేను ఒప్పు చెబితే అందరూ నవ్వారు. ఇప్పుడు మాటలు ముఖ్యమైపోయాయి. కానివ్వండి.

చార్మినార్ చిన్నా | 10:20
అన్నా మన సాలార్‌జంగ్ గడియారం చూసిన్రా? గంట కొట్టేముంగట చిన్న బొమ్మ బయటికొచ్చి టంగుటంగున కొడ్తది. జనం నేల మీద కూసొని చూస్తరు. దీంట్ల అట్ల బొమ్మ ఏమన్న వస్తదా?

బర్మింగ్‌హామ్ భారతి | 10:32
అది కుక్ అండ్ కెల్వీ వాళ్ళది తమ్ముడూ, దీనికీ దానికీ చుట్టరికం లేదు. దీంట్లో చంద్రుడొక్కడే. కొన్నిటికి ఆర్చ్‌లో లోలకంతో పాటు అటూ ఇటూ ఊగే ఓడ ఉంటుంది.

గోపిగారూ, ఎందుకు పోయిందో చెబుతా. అడుగు తెలుపు పొయ్యిలో గట్టిపడింది, అందుకే అది అలాగే ఉంది. అంకెలు, పేరు ఆఖర్న సన్నటి కుంచెతో నల్లరంగుతో రాస్తారు. పైపూత కాబట్టి మొదట పోయేది అదే. మీ ఫొటోలో 5, 6 అంకెలు కూడా పలచబడ్డాయి చూడండి, చెయ్యి కిందివైపు ఎక్కువ పడినట్టుంది.

నాగు ఆర్ట్స్ | 10:45
సింపుల్ అన్నయ్యా. సన్న పర్మనెంట్ మార్కర్ తీసుకుని ఏదో ఒక పేరు రాసేయండి. ఎవడు చూడొచ్చాడు.

ఇనపపెట్టె | 10:46
వద్దు.

మీనాకారి మూర్తి | 10:48
నాగూ, నువ్వు సైన్‌బోర్డు పనిలో ఉండు బాబూ, ఇటు రాకు.

నాగు ఆర్ట్స్ | 10:52
ఎగతాళి ఎందుకండీ. మా తాత గుళ్ళో వాహనాలకి రంగులేసేవాడు, ఏటా కొత్తగానే వేసేవాడు. పాతది పాతగా ఉంచాలని ఎవరూ అనలేదు. ఈ డయల్ కూడా వాడే వస్తువేగా?

బర్మింగ్‌హామ్ భారతి | 11:10
నాగుగారి మాట తీసిపారేసేది కాదు. ఇక్కడ కూడా వందేళ్ళ కిందట డయల్ వెలిస్తే కొత్తగా రాయించుకునేవాళ్ళు. కానీ లేని పేరు రాయడం వేరు. ఉన్న జాడ మీద తెలిసినవాళ్ళు, మళ్ళీ తుడిస్తే పోయే రంగుతో రాయడం వేరు.

ఈ రాత్రి ఇలా చెయ్యండి. గది మొత్తం చీకటి చెయ్యండి. టార్చి ఎదురుగా వేయొద్దు, మీరు నిన్న చేసిన తప్పు అదే. డయల్‌కి పక్కన, దాదాపు ఆనించినట్టు, రేకు వెంబడే వెలుగు పాకేట్టు పెట్టండి. నల్లరంగు పోయినా అది ఉన్నచోట నునుపు తేడా ఉంటుంది, ఏటవాలు వెలుగులో తెలుస్తుంది. ఎడమ, కుడి, పైన, కింద నాలుగు వైపుల నుంచీ ఫొటో తీయండి. ఫోను చేత్తో పట్టుకోకండి, పుస్తకాల దొంతి మీద పెట్టండి. నోట్లు చూసే నీలం టార్చి ఉంటే దాంతోనూ చూడండి. తడిగుడ్డ, ఉమ్మి, బంగాళదుంప ముక్క, ఏదీ తగలొద్దు.

లెస్టర్ గోపి | రాత్రి 9:40
మా ఆవిడ టార్చి పట్టుకుంది, నేను చూశా. వచ్చిందండీ! పై వరసలో మొదట జె లాంటిది, తర్వాత చిన్న ఎన్, దాని నెత్తిన ఇంకా చిన్న ఓ. ఆ తర్వాత పేరు మొదలు బాగా చెరిగింది, పెద్ద అక్షరం ఒకటి మెలి తిరిగి ఉంది. కింద వరసలో హెచ్, మధ్యలో కె లా నిలువు గీత, ఆఖర్న వై తోక. జెఎన్ఓ ఏం పేరండీ, జెనో?

బర్మింగ్‌హామ్ భారతి | 9:52
జాన్! అప్పట్లో జాన్‌ని అలాగే కురచగా రాసేవాళ్ళు. ఊరు హెచ్‌తో మొదలై వై తో ముగుస్తూ మధ్యలో కె... మీ లెస్టర్ పక్కనే హింక్లీ అనే ఊరుంది కదా. ఖాయం అనను. లెస్టర్‌షైర్ రికార్డ్ ఆఫీసులో ఆ ఊరి గడియారాలవాళ్ళ పేర్లలో జాన్‌లు ఎవరున్నారో చూడండి, 1800 చుట్టుపక్కల.

లెస్టర్ గోపి | 9:58
ఇంకోటి. పైన చంద్రుడు తప్పు చూపిస్తున్నాడు. మొన్న తుడిచినప్పుడు జరిగాడేమో.

మీనాకారి మూర్తి | 10:15
పంచాంగం తీయండి. ఆర్చ్ పైన 1 నుంచి 29½ దాకా అంకెలుంటాయి. పౌర్ణమికి చంద్రుడు నడిమధ్యన రావాలి. చంద్రుడి బొమ్మ ఉన్న గుండ్రటి పళ్ళేనికి అంచున 118 పళ్ళు, దాని మీద ఇద్దరు చంద్రులు, ఒక్కో చంద్రుడికి 59. రోజుకి రెండు పళ్ళు జరుగుతుంది. వేలితో మెల్లగా జరపండి, బిగుసుకుంటే వదిలేసి కొన్ని గంటలాగి చూడండి. ముఖం మీద వేలు పెట్టకండి, ఆయన ముఖం కూడా తుడిచేస్తారు మీరు.

పాతకాలం పంతులు | సోమవారం ఉదయం 6:30
ప్రస్తావన వచ్చింది కనక: 1797లో బ్రిటన్‌లో పిట్ ప్రధానిగా ఉండగా గడియారాల మీద పన్ను వేశాడు. జేబు గడియారమైనా గోడదైనా ఏటా కట్టాలి. జనం కొనడం మానేశారు, పనివాళ్ళు వీధిన పడ్డారు, 1798లో ఎత్తేశారు. గోపీ గడియారం సరిగ్గా ఆ రోజులదే కావచ్చు. ఎవరైనా ఆలోచించారా ఇది?

రంగుల రాట్నం | 6:58
లేదండీ 🙏

లెస్టర్ గోపి | మంగళవారం రాత్రి 10:20
ఆయన వచ్చి వెళ్ళాడు. తలుపు తీసి డయల్ చూడగానే “ఏం పెట్టి తుడిచారు?” అన్నాడు, ఇనపపెట్టెగారి చుట్టమేమో. విల్సన్ డయల్ అన్నాడు, 1800 దగ్గర అన్నాడు. పేరు రాయించొద్దన్నాడు. ఇంటిపేరు ఇంకా తేలలేదు, శనివారం రికార్డ్ ఆఫీసుకి వెళ్తా కుదిరితే. థాంక్స్ అందరికీ.

ఇనపపెట్టె | 10:21
స్ప్రే పారేశారా?

చార్మినార్ చిన్నా | గురువారం మధ్యాహ్నం 1:12
అన్నా చంద్రుడు తిరుగుతున్నడా మరి?