పిల్లలతో విమాన ప్రయాణం: ఎవరి కాగితాలు వాళ్ళకే ఉండాలి

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేం డాలస్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నేను హెచ్-1బీ (ఉద్యోగ వీసా), మా ఆవిడా బాబూ హెచ్-4 (దాని మీద వచ్చే కుటుంబసభ్యుల వీసా). బాబుకి ఆరేళ్ళు, ఇండియా పాస్‌పోర్టు. పాప ఇక్కడే పుట్టింది, ఇప్పుడు మూడో నెల. వచ్చే నెల సియాటెల్‌లో మా బావమరిది వాళ్ళింటికి వెళ్తున్నాం. సంక్రాంతికి హైదరాబాద్ వెళ్ళాలని ఉంది. నాకు సెలవు దొరక్కపోతే మా ఆవిడ ఒక్కతే పిల్లల్ని తీసుకుని బయల్దేరుతుంది. పిల్లలకి ఏయే కాగితాలు కావాలి? పాపకి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటీ సరిపోతుందా?

జవాబు:

తమ్ముడూ, ముందు పాపాయి పుట్టినందుకు శుభాకాంక్షలు. నీ రెండు ప్రయాణాలకీ లెక్క వేరు, వేర్వేరుగానే చెప్తాను.

సియాటెల్ గురించి బెంగ పెట్టుకోకు. అమెరికా లోపల తిరిగే విమానాల్లో పెద్దవాళ్ళతో వెళ్ళే 18 ఏళ్ళలోపు పిల్లల్ని టీఎస్‌ఏ (ఎయిర్‌పోర్టు భద్రతా తనిఖీ) వాళ్ళు ఐడీ అడగరు. 2025 మే 7 నుంచి అమల్లోకి వచ్చిన రియల్ ఐడీ (కొత్త ప్రమాణాల గుర్తింపు కార్డు) నిబంధన కూడా 18 దాటినవాళ్ళకే. మీ ఇద్దరికీ ఇంకా ఇక్కడి లైసెన్సు రాకపోయినా ఇండియా పాస్‌పోర్టు చూపిస్తే చాలు. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తారు కాబట్టి రెండేళ్ళలోపు వయసని రుజువు చూపమని ఎయిర్‌లైన్ వాళ్ళు అడగొచ్చు. దానికి బర్త్ సర్టిఫికెట్ పెట్టుకో. టికెట్ డబ్బులు లేకపోయినా బుకింగ్‌లో పాప పేరు ముందే చేర్పించాలి. అది మర్చిపోతే పిల్లలతో కౌంటర్ దగ్గర లైన్లో నిలబడాల్సి రావచ్చు.

ఇండియాకి మాత్రం బర్త్ సర్టిఫికెట్‌తో పని జరగదు. నెలల పిల్లకైనా సొంత పాస్‌పోర్టు ఉండాల్సిందే. కొందరు పాస్‌పోర్టు కార్డు చవక కదా అని అది తీసుకుంటారు. దాంతో విదేశాలకి విమానం ఎక్కనివ్వరు. పుస్తకమే తీసుకో.

పాప విషయంలో ఒకటయ్యాకే ఇంకొకటి మొదలవుతుంది: బర్త్ సర్టిఫికెట్, తర్వాత పాస్‌పోర్టు, తర్వాత ఇండియా వీసా గానీ ఓసీఐ (విదేశీ పౌరసత్వమున్న భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) గానీ. సంక్రాంతి నుంచి వెనక్కి లెక్కేసుకుంటే నీకు అనుకున్నంత టైమ్ లేదు. బర్త్ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న పూర్తి కాపీ అడుగు, పాప పేరొక్కటే ఉన్న చిన్నది కాదు. అదీ రెండు సర్టిఫైడ్ కాపీలు తీసుకో, ఎందుకంటే పాస్‌పోర్టు దరఖాస్తుతో ఒరిజినల్ పంపాలి, అది పాస్‌పోర్టుతో కాకుండా విడిగా పోస్టులో తిరిగొస్తుంది. ఆ మధ్యలో వేరే పనికి కావాలంటే చేతిలో ఇంకొకటి ఉండాలి.

పాస్‌పోర్టుకి డీఎస్-11 ఫారం. 16 ఏళ్ళలోపు పిల్లలకి తల్లీ తండ్రీ ఇద్దరూ పాపతో సహా పోస్టాఫీసుకి వెళ్ళాలి. ఇంట్లో సంతకం పెట్టేయొద్దు, అక్కడి ఉద్యోగి ఎదుటే పెట్టాలి. ఇద్దరిలో ఒకరు రాలేకపోతే డీఎస్-3053 (ఒప్పుదల ఫారం) నోటరీ చేయించి, వాళ్ళ ఐడీ కాపీతో పంపాలి. ఫీజు 100 డాలర్లు, పోస్టాఫీసులో దరఖాస్తు తీసుకున్నందుకు ఇంకో 35, రెండూ విడివిడిగా కట్టాలి. తొందరగా కావాలంటే మరో 60. మామూలుగా అయితే 4 నుంచి 6 వారాలంటారు, పోస్టులో పోయే రోజులు దానికి అదనం. చాలా పోస్టాఫీసుల్లో అపాయింట్‌మెంట్ దొరకడానికే టైమ్ పడుతుంది, ముందు అది చూడు.

ఫోటో ఇంట్లోనే తీయొచ్చు. మంచం మీద ముడతల్లేని తెల్ల దుప్పటి పరిచి పాపని వెల్లకిలా పడుకోబెట్టు. కిటికీ వెలుతురు ముఖం మీద సమానంగా పడాలి, నీ నీడ పడకూడదు. పట్టుకున్న చెయ్యి గానీ పాలపీక గానీ ఫోటోలో కనపడకూడదు. నెలల పిల్లలకి కళ్ళు పూర్తిగా తెరుచుకోకపోయినా ఒప్పుకుంటారు. పాలు తాగి హాయిగా ఉన్నప్పుడు తీస్తే త్వరగా అయిపోతుంది.

పాస్‌పోర్టు వచ్చాక, ఈ సంక్రాంతి వరకూ అయితే పాపకి ఈ-వీసా తీసుకో అంటాను. ఓసీఐ మంచిదే, జీవితాంతం పనికొస్తుంది. కానీ ఫీజు 275 డాలర్లు, కాగితాలెక్కువ, సంతకం చేయలేని పిల్లల వేలిముద్ర గడి దాటకుండా పడాలి. అంత చిన్న బొటనవేలు విప్పి ముద్ర వేయించడానికి ఓపిక కావాలి. ఒక్క కాగితం తక్కువైనా ఫైలు వెనక్కొస్తుంది. టికెట్లు కొనేసుకుని దానికోసం ఎదురుచూడడం ఎందుకు? తిరిగొచ్చాక నిదానంగా చేసుకో. అన్నట్టు, పిల్లల అమెరికా పాస్‌పోర్టు 5 ఏళ్ళకే అయిపోతుంది. 20 ఏళ్ళు నిండేదాకా కొత్త పాస్‌పోర్టు వచ్చిన ప్రతిసారీ దాని కాపీ, కొత్త ఫోటో ఓసీఐ సైట్‌లో ఎక్కించాలి. దానికి ఫీజు లేదు.

ఇప్పుడు బాబు సంగతి. నిజానికి నాకు పాపకన్నా బాబు విషయంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలనిపిస్తోంది. ఇండియాలో పిల్లలకిచ్చే పాస్‌పోర్టు మామూలుగా 5 ఏళ్ళే. అమెరికాలో దిగినప్పుడు మీ హెచ్-1బీ పిటిషన్ మూడేళ్ళున్నా, బాబు పాస్‌పోర్టు ఏడాదిలో అయిపోతుంటే అతని ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఆ పాస్‌పోర్టు తేదీ వరకే ఇవ్వొచ్చు. వీసా స్టాంపు మీద తేదీ ఇంకా చాలా దూరం కనపడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇక్కడ ఉండడానికి లెక్కలోకొచ్చేది ఐ-94 తేదీ, స్టాంపు తేదీ కాదు. మాకు తెలిసిన ఒక కుటుంబంలో తల్లిదండ్రుల ఐ-94లు బాగానే ఉన్నాయి, పిల్లవాడిది ఎప్పుడో దాటిపోయింది. స్కూల్లో ఏదో పనికి కాగితాలు తీస్తే బయటపడింది. ఆ తర్వాత లాయర్లు, ఖర్చు, ఆ పిల్లవాడి గురించి ఇంట్లో వాళ్ళు పడ్డ మనోవేదన చూశాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఈ రాత్రే సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ) సైట్‌లో బాబు ఐ-94 తీసి చూడు. మీ ఇద్దరిదీ తీసి పక్కపక్కన పెట్టి తేదీలు పోల్చు. బాబుది ముందే అయిపోతుంటే ఆ తేదీ దాటకముందే ఐ-539 (ఉండే గడువు పొడిగించమనే దరఖాస్తు) వేయాలి. నీ కంపెనీ నీకు ఎక్స్‌టెన్షన్ వేస్తే బాబుది దానంతటదే పొడిగించబడదు. లేదంటే ముందు పాస్‌పోర్టు రెన్యూ చేయించుకుని ఇండియా వెళ్ళొస్తే తిరిగి దిగినప్పుడు కొత్త ఐ-94 వస్తుంది. రెన్యూవల్ ఇక్కడ వీఎఫ్ఎస్ (ఇండియా కాన్సులేట్ తరఫున దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా చేస్తారు, తల్లిదండ్రులిద్దరి సంతకాలూ కావాలి. పాత పాస్‌పోర్టులో ఉన్న వీసా తేదీ మిగిలుంటే అది చెల్లుతుంది, ప్రయాణంలో పాతదీ కొత్తదీ రెండూ దగ్గరుండాలి. తిరిగి దిగగానే, ఇల్లు చేరేలోపే మళ్ళీ ఐ-94 చూసుకో. తప్పు పడితే మొదట్లోనే సరిచేయించుకోవడం తేలిక.

స్టాంపు గడువు కూడా చూడు. ఇండియాలో కొత్త స్టాంపింగ్ అవసరమైతే, 2025 సెప్టెంబరు 2 నుంచి 14 ఏళ్ళలోపు పిల్లలకి కూడా మామూలుగా ఇంటర్వ్యూ ఉంటోంది. ఇంటర్వ్యూ లేకుండా కాగితాలు డ్రాప్‌బాక్స్‌లో వేసేయొచ్చని పాతవాళ్ళు చెప్పే మాట ఇప్పుడు పనిచేయదు.

దారిలో ఎక్కడ ఆగుతారో అక్కడి ట్రాన్సిట్ నిబంధన కూడా ఒక్కొక్క పాస్‌పోర్టుకీ విడిగా చూడాలి. పాపది అమెరికాది, మీ ముగ్గురిదీ ఇండియాది. పాపకి వర్తించింది మీకు వర్తించకపోవచ్చు.

ఇంకో జవాబు:

అక్క చెప్పింది అక్షరాలా నిజం. మీ ఆవిడ ఒక్కతే వెళ్ళే సంగతి నేను చెప్తాను.

తండ్రి లేకుండా పిల్లలు దేశం దాటుతుంటే, నీ ఒప్పుదల ఉందని ఒక ఉత్తరం నోటరీ చేయించి ఇవ్వు. ఇది లేకపోతే ఎక్కనివ్వరని కాదు, కానీ సీబీపీ వాళ్ళే దగ్గరుంచుకోమని చెప్తారు. అడిగినప్పుడు లేకపోతే చంటిపిల్లతో ఆవిడే ఇబ్బంది పడాలి. ఇంగ్లీషులో ఒక పేజీ చాలు: పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు, తల్లి వివరాలు, వెళ్ళే తేదీ, వచ్చే తేదీ, అక్కడ ఉండే చిరునామా, నీ ఫోన్ నంబరు, నాకు అభ్యంతరం లేదని ఒక వాక్యం. చాలా బ్యాంకుల్లో ఖాతాదారులకి నోటరీ ఉచితంగా చేస్తారు. సంతకం నోటరీ ఎదుటే పెట్టాలి. అమ్మమ్మ, తాతయ్యలతో పంపేటప్పుడైతే తల్లిదండ్రులిద్దరూ సంతకం పెట్టాలి. విడాకులైనవాళ్ళు కస్టడీ ఉత్తర్వు, భర్త చనిపోయిన తల్లి అయితే ఆయన డెత్ సర్టిఫికెట్ కాపీ కూడా పెట్టుకుంటే మంచిది.

మన ఇళ్ళలో ఇంకో చిక్కుంది. చాలామంది ఆడవాళ్ళ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, పిల్లలకి తండ్రి ఇంటిపేరు. పాస్‌పోర్టులు పక్కపక్కన పెడితే తల్లికీ పిల్లలకీ పేరు కలవదు. అమెరికా పాస్‌పోర్టులో తల్లిదండ్రుల పేర్లుండవు కూడా. కాబట్టి ఇద్దరు పిల్లల బర్త్ సర్టిఫికెట్లూ ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉండాలి, చెకిన్ సూట్‌కేసులో కాదు.

మళ్ళీ ప్రశ్న:

చాలా థాంక్స్ అక్కా, అన్నా. బాబు ఐ-94 చూశాను. మా ఇద్దరికన్నా పద్నాలుగు నెలల ముందే అయిపోతోంది. రెన్యూవల్ ఈ వారమే మొదలుపెడతాను. ఇంకొక్క మాట. హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి కూడా విమానంలోనే వెళ్తారు. అక్కడ పాపకి ఏం చూపించాలి?

జవాబు:

చూసుకున్నావు, మంచి పని చేశావు తమ్ముడూ. రెన్యూవల్ సంక్రాంతి టికెట్ల కన్నా ముందు కానివ్వు.

ఇండియా లోపల కూడా రెండేళ్ళలోపు పిల్లలకి ఎయిర్‌లైన్ వాళ్ళు వయసు రుజువు అడుగుతారు. పాప పాస్‌పోర్టు ఒరిజినల్, వీసా ప్రింటు దగ్గరుంచుకోండి, ఫోన్లో ఫోటోని నమ్ముకోవద్దు. పాస్‌పోర్టులు హైదరాబాద్‌లో బీరువాలో భద్రంగా పెట్టి వైజాగ్ వెళ్దామనుకునేవాళ్ళుంటారు, అలా చేయొద్దని మీ ఆవిడకి చెప్పు. టికెట్ మీద పాప పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఇంట్లో పిలిచే పేరుతో బుక్ చేయొద్దు. అంతర్జాతీయ విమానంలో ఒళ్ళో పిల్లకి కూడా టికెట్ ఉంటుంది, కొంత ఛార్జీ కూడా ఉంటుంది. పాస్‌పోర్టు వచ్చాకే ఆ పేరు కొట్టించు.