అప్‌డేట్: తల తిప్పితే చూపు చెదరడం – కారణం తెలిసింది

మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను: తీవ్రంగా కళ్లు తిరిగి తగ్గాక, నడుస్తుంటే బోర్డుల మీద అక్షరాలు ఎగురుతున్నట్టు కనిపిస్తున్నాయని. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. "చెవి చూపించుకోండి" అన్నవాళ్ల మాటే నిజమైంది.

ఈఎన్‌టీ డాక్టర్ తన ముక్కునే చూస్తుండమని చెప్పి, నా తలను చటుక్కున కుడికి తిప్పారు. కళ్లు ముక్కు మీద నిలవకుండా తలతో పాటే జారిపోయి, మళ్లీ వెనక్కి గెంతాయి. ఎడమకి తిప్పితే చూపు చెదరలేదు. కుడి చెవి బ్యాలెన్స్ నరం వాచి దెబ్బతిందట, వెస్టిబ్యులర్ న్యూరైటిస్. తల కదలగానే లోపలి చెవి పసిగట్టి, సుమారు 10 మిల్లీసెకన్లలోనే కళ్లను ఎదురు దిశకు తిప్పిస్తుంది. నాకు కుడివైపు ఆ పని జరగడం లేదు. అందుకే కళ్లద్దాలు మార్చినా లాభం లేకపోయింది. మెడ ఎక్స్‌రే కూడా అనవసరమే. పడుకోబెట్టి తలను వరుసగా కొన్ని కోణాల్లో తిప్పే ఎప్లీ పద్ధతి చెవిలో స్ఫటికాలు జారినవాళ్లకి, నా సమస్యకి కాదు.

పనిచేసింది ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామం: గోడ మీద ఒక అక్షరం అతికించి, దాని మీదే చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పడం. మొదటి వారం వికారంతో మానేద్దామనిపించింది. మానకపోవడం ఎంత మంచిదైందో! ఆరో వారంలో నడుస్తూనే బోర్డు చదివాను. చీకట్లో మాత్రం ఇంకా కాస్త తూలుతున్నాను, వ్యాయామం కొనసాగిస్తున్నాను.