అరబెస్క్ పాట: విరహమా, విధికి లొంగుబాటా?

పాతరేడియో:
నా అభిప్రాయం ముందే చెబుతున్నాను. టర్కీ పాటల్లో ఎడబాటును నిజంగా పాడినవారు నెషెత్ ఎర్తాష్ వంటి జానపద గాయకులే. 1970లలో ఇస్తాంబుల్‌ను ముంచెత్తిన అరబెస్క్, అంటే అరబ్బు సంగీతపు ఛాయలున్న టర్కీ పాట, దుఃఖాన్ని అమ్ముకుంది. వయొలిన్లన్నీ ఒక్కసారిగా ఏడుస్తాయి, గాయకుడు 'కదెర్' అంటూ విధిని తలుచుకుంటాడు, విన్నవాడు చేతులు ముడుచుకుని కూర్చుంటాడు. ఎర్తాష్ బోజ్లాక్ అనే జానపద విలాపగీతం పాడడానికి ఒక్క సాజ్, పొడుగు మెడ ఉన్న తంత్రీవాద్యం, చాలు. గొంతు పైస్థాయిలో మొదలై మెట్టుమెట్టుగా దిగుతుంటే ఆయన సొంత ప్రాంతం కీర్‌షెహిర్ మైదానాలు కళ్ళకు కడతాయి. ప్రభుత్వ రేడియో టీఆర్టీ అరబెస్క్‌ను ఏళ్ల తరబడి దూరంగా పెట్టడం తప్పని నేననుకోను.

రైన్‌తీరం:
పాతరేడియో గారూ, ఎర్తాష్ గురించి మీరన్నది అక్షరాలా నిజం. మిగతాదానితోనే నాకు పేచీ. 1975లో అరబెస్క్ గాయకుడు ఓర్హాన్ గెన్‌జెబాయ్ పాడిన పాట పేరు 'బాత్సిన్ బు దున్యా', అంటే 'ఈ లోకం మునిగిపోనీ' అని. ఎదుటివారిని ఏడిపించి తాము నవ్వేవాళ్ళను అందులో ఛీకొడతాడు. ఇది లొంగిపోయినవాడి మాటా?

కొలోన్‌లో చదువుకునే రోజుల్లో సాయంత్రాలు ఒక కబాబ్ దుకాణంలో పనిచేశాను. కూలీల కోసం జర్మనీ 1961లో టర్కీతో ఒప్పందం చేసుకున్నాక వచ్చినవారిలో మా యజమాని తండ్రి ఒకరు. రాత్రి పదకొండు దాటాక యజమాని షట్టరు సగం దించి అరబెస్క్ గాయకుడు ఫెర్ది తయ్‌ఫుర్ పాట పెట్టేవాడు. మాంసం కోసే పొడుగాటి కత్తిని తుడుస్తూ తుడుస్తూ ఒకచోట ఆగిపోయేవాడు. గుడ్డ కత్తి మీదే ఉండిపోయేది. పాటలో ఉన్నది దూరమైన అమ్మాయి. ఆయనకు గుర్తొచ్చేది దక్షిణ టర్కీలో అదానా దగ్గర పత్తిచేను.

ఇల్లు వదిలి పరాయిచోట బతకడాన్ని వాళ్ళు 'గుర్బెత్' అంటారు. మన హైదరాబాదులో ఉర్దూ మాట్లాడేవారిని అడగండి, గుర్బత్ అంటే పేదరికం అంటారు. మాట ఒక్కటే. అరబెస్క్‌లో ఆ రెండు అర్థాలూ విడదీయలేనంతగా కలిసిపోయాయి. పల్లెలు వదిలి వచ్చినవాళ్ళు ఇస్తాంబుల్ అంచుల్లో రాత్రికి రాత్రి ఇళ్ళు లేపుకున్నారు, 'గెజెకొందు' అన్న పేరుకు అర్థమే అది. వాళ్ళను పనికి చేరవేసే దోల్ముష్ వ్యాన్లలో ఈ క్యాసెట్లే మోగాయి. రేడియో వద్దన్నంత మాత్రాన అవి ఆగలేదు.

పాతరేడియో:
ఆ కత్తి దగ్గర నేనూ ఆగిపోయాను. అయినా ఒక్కటి అడుగుతాను. అరబెస్క్ గాయకుడు ముస్లుమ్ గుర్సెస్ కచేరీల్లో అభిమానులు బ్లేడులతో ఒళ్ళు కోసుకునేవారు. దాన్ని కూడా తిరుగుబాటు అందామా? ఆ కుర్రవాళ్ళ నెత్తుటితో పాటకు సంబంధం లేదా?

మల్లెతీగ:
ఇద్దరూ మగవాళ్ళ కన్నీళ్ళ గురించే వాదించుకుంటున్నారు. పాప్ గాయని సెజెన్ ఆక్సును ఎలా మరిచిపోయారు? 1986 నాటి 'గిత్' వినండి. గిత్ అంటే 'వెళ్ళు'. వెళ్ళు, వెళ్ళు అని పదేపదే చెప్పిన మనిషే ఆ వెంటనే వెళ్ళొద్దని బతిమాలుతుంది, ఇంతవరకు చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటుంది. విధి ప్రసక్తి లేదు, లోకానికి శాపనార్థాలు లేవు. విడిపోయే వేళ మనిషి నోరు ఒకటంటుంటే మనసు ఇంకొకటి అంటుందే, దాన్ని అంత దగ్గరగా పట్టుకున్న పాట నాకు ఇంకొకటి తెలియదు.

రైన్‌తీరం:
పాతరేడియో గారూ, బ్లేడుల సంగతిని నేను సమర్థించను, అది తలుచుకుంటే నాకూ భయమే. కానీ ఆ నొప్పిని తీసేయాలని ప్రభుత్వమే ఒకసారి ప్రయత్నించింది. 1989లో సాంస్కృతిక శాఖ 'నొప్పి లేని అరబెస్క్' కావాలంటూ హక్కి బులుత్ చేత పాడించింది. ఆ ముచ్చట నిలవలేదు. నొప్పి పాటలో పుట్టింది కాదు కదా, తీసేస్తే పోవడానికి.

మల్లెతీగ గారూ, మీ మాటతో ఒకటి గుర్తొచ్చింది. యజమాని భార్య దుకాణానికి వచ్చిన రాత్రుల్లో తయ్‌ఫుర్‌ను ఆపి ఆక్సు పాట పెట్టేది. ఆయన ఏమీ అనేవాడు కాదు. గుడ్డ పక్కన పెట్టి, ఆమెకు కుర్చీ తెచ్చి వేసేవాడు.