షెడ్డు స్తంభాలు ఎంత దూరంలో వేయాలి? తలా ఒక మాట చెబుతున్నారు

పరకాల రైతుబిడ్డ:
పొలం దగ్గర షెడ్డు కోసం పొద్దుటి నుంచి కాగితాల మీద గీస్తూ కూర్చున్నా, ఒక్కటీ తేలడం లేదు. వెడల్పు 30 ఫీట్లు, పొడవు 60. అమెరికా పోస్ట్ ఫ్రేమ్ షెడ్ల వీడియోలు చూశా. స్తంభాలు భూమిలో పాతి నేరుగా ట్రస్సులు, అంటే కప్పు మోసే చట్రాలు ఎక్కిస్తున్నారు. నాకూ అలాంటిదే కావాలి. ఒక వెల్డింగాయన పది ఫీట్లకో స్తంభం అంటాడు, ఇంకొకాయన పదిహేను చాలంటాడు, మేస్త్రీ ఏమో పిల్లర్లు పోయమంటాడు. సైజు, దూరం చెప్పండి చాలు, దండం పెడతా.

హన్మకొండ ఫ్యాబ్రికేషన్:
నేల ఎర్ర చెల్కనా, నల్ల రేగడా? లోపల ఏం పెడతారు? ఎత్తెంత? ఇవి లేకుండా చెప్పలేం.

గీసుకొండ కోళ్ళ ఫారం:
తమ్ముడూ, ముందు దిక్కు చూసుకో. పొడవు తూర్పు పడమరగా ఉండాలి. ఉత్తర దక్షిణాలుగా వేస్తే పొద్దున ఒక పక్క, సాయంత్రం ఇంకో పక్క ఎండ లోపలికి కొడుతుంది. మే నెలలో రేకు కింద నిలబడలేవు. చూరు మూడు ఫీట్లు బయటికి రానివ్వు, నడికొప్పు దగ్గర వేడిగాలి పోయే సందు తప్పకుండా వదిలించు.

పరకాల రైతుబిడ్డ:
కోళ్ళకు కాదన్నా. మిర్చి బస్తాలు, ట్రాక్టరు. ఏనుమాముల మార్కెట్లో రేటు పడినప్పుడు కొన్నాళ్ళు ఆపుకోవడానికి. స్తంభం సంగతి ఎవరూ చెప్పరేం?

గీసుకొండ కోళ్ళ ఫారం:
మిర్చి అయితే గచ్చు కింద ప్లాస్టిక్ షీటు పరిపించు. లేకపోతే నెమ్ము ఎక్కి అడుగు బస్తాలు బూజు పడతాయి. చెక్కల మీద పేర్చాలి, గోడకు ఆనించొద్దు.

కాజీపేట సివిల్:
ఆ వీడియోల్లో ఉండేది ఎక్కువగా మందు పట్టించిన కర్ర. చలికి భూమి గడ్డకట్టే లోతు దాటేలా పాతుతారు. మనకు ఆ బాధ లేదు, చెదలు ఉంది, రేగడి ఉంది. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. పైపైన పాతిన స్తంభాలు ఒక్కోటి ఒక్కోలా లేస్తాయి, ట్రస్సు మెలితిరుగుతుంది, రేకు స్క్రూల దగ్గర చిరుగుతుంది. లోతైన రేగడిలో అడుగున గుబ్బ ఉండే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే భూమిలోకి దించే కాంక్రీటు స్తంభాలు వేస్తారు, భారత ప్రమాణం (ఐఎస్) 2911 ప్రకారం కనీసం 3.5 మీటర్ల లోతు. ఇనుప పైపును నేరుగా మట్టిలో పాతొద్దు, సరిగ్గా నేల మట్టం దగ్గరే తుప్పు తింటుంది. అడుగు ఎత్తు పెడెస్టల్ (కాంక్రీటు దిమ్మె) పోసి, బోల్టుల మీద స్తంభం అడుగున ఉండే ఇనుప బేస్ ప్లేట్ కూర్చోబెట్టాలి.

ఇంకోటి, రేకుల షెడ్డుకు బరువు కంటే గాలితోనే భయం. పక్కలు తెరిచి ఉంటే గాలిదుమారం కింద దూరి కప్పును లేపుతుంది. గాలి లెక్కల ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కే సెకనుకు 44 మీటర్ల గాలి వేగం లెక్కలోకి తీసుకోమంటుంది. ఫుటింగ్ (పునాది) షెడ్డును కిందికి పట్టి ఉంచాలి, మూలల్లో బ్రేసింగ్ (ఏటవాలు కట్టు) ఉండాలి.

నర్సంపేట వెల్డింగ్:
ఇంత పుస్తకం అక్కర్లేదు. 4 ఇంచుల పైపు, మందం 14 గేజ్, పది ఫీట్లకొకటి. ఎన్నో కట్టాం.

హన్మకొండ ఫ్యాబ్రికేషన్:
గేజ్‌లో మాట్లాడితే రైతు మోసపోతాడు. 14 గేజ్ అంటే 2 ఎంఎం. 16 గేజ్, అంటే 1.6 ఎంఎం పైపు ఇచ్చినా కంటికి తేడా తెలీదు. బిల్లులో ఎంఎం రాయించుకోండి, తూకం వేయించండి.

నర్సంపేట వెల్డింగ్:
మా నాన్న కాలం నుంచి గేజే. నంబరు పెరిగితే పల్చన, ఇందులో మోసమేముంది?

హన్మకొండ ఫ్యాబ్రికేషన్:
మోసం నంబరులో లేదు, కొలవకుండా కొనడంలో ఉంది. సరే, నేల సంగతి ఇంకా చెప్పలేదు.

పరకాల రైతుబిడ్డ:
మొరమే. అక్కడ చిన్న కుంట ఉండేది, పోయినేడు పూడ్పించి మొరం పోయించాం. అడుగున రేగడి.

కాజీపేట సివిల్:
అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే తమ్ముడూ. పోసిన మొరం వేరు, పుట్టు మొరం వేరు. పోసింది కుంగుతుంది. సగం షెడ్డు కుంట మీద, సగం గట్టి నేల మీద పడితే పది ఫీట్లకు వేసినా, పదిహేనుకు వేసినా నిలవదు. వేరే జాగా లేకపోతే స్తంభాలు పడే చోట కాకుండా పక్కన జేసీబీతో గుంతలు తీయించు. గట్టి నేల ఎంత లోతులో తగిలిందో ఫొటోలు పెట్టు. దూరం లెక్క ఆ తర్వాత.

గీసుకొండ కోళ్ళ ఫారం:
జాగా మారిస్తే తూర్పు పడమరగా తిప్పుకో.

పరకాల రైతుబిడ్డ:
బోరు పక్కన కొంత జాగా ఉంది, అది చెల్కే. నాన్నను అడగాలి. థాంక్స్ అన్నా.

హసన్‌పర్తి:
0.5 ఎంఎం కలర్ రేకు ఇప్పుడు ఎంత పడుతోంది, ఎవరికైనా తెలుసా?