రమ్మేజ్ అంటే సర్దడమా, కెలకడమా?

గాజువాక నాన్న:
మా పాప ఇంగ్లీషు పాఠంలో రమ్మేజ్ అనే మాట వచ్చింది. బీరువాలోనో సంచిలోనో అన్నీ కెలికి వెతకడం అని చెప్పాను, సరేనంది. సాయంత్రం మా తోడల్లుడు వచ్చాడు, పోర్టులో పని చేస్తాడు, "రేపు షిప్పుకి రమ్మేజింగ్ ఉందన్నయ్యా, పొద్దున్నే పోవాలి" అన్నాడు. పాప వెంటనే "ఓడకి కూడా బీరువా ఉంటుందా బాబాయ్?" అంది. తీరా డిక్షనరీ తీస్తే పాత అర్థం ఓడలో సరుకు సర్దడం అట! సర్దడానికీ కెలకడానికీ పొంతనేంటండీ?

బీచ్ రోడ్ బద్ధకం:
రమ్ము సీసాల కోసం ఓడంతా వెతికేవాళ్ళేమో 😄

పాత పోర్టు:
మీ తోడల్లుడు అన్నది సొంత మాటేం కాదు. కస్టమ్స్ వాళ్ళు ఓడ ఎక్కి సోదా చేస్తే దాని అసలు పేరే అది, ముంబై కస్టమ్స్‌లో రమ్మేజింగ్ అండ్ ఇంటెలిజెన్స్ అని ఏకంగా ఒక విభాగమే ఉంది. సిబ్బంది గదులు, ఇంజన్ రూము, వంట సామాన్ల స్టోరు, గోడ చెక్కల వెనకాల కూడా చూస్తారు. ఒకసారి నా కళ్ళముందే బియ్యం బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశారు.

ఎంవీపీ టీచర్:
రమ్ముకి సంబంధం లేదు బాబూ. ఇది ఫ్రెంచి అర్రుమాజ్, ఓడ అడుగున సరుకు పేర్చడం. 1500ల్లో ఇంగ్లీషులోకి వచ్చేసరికి ముందున్న "అ" రాలిపోయింది. గది అనే అర్థంలో మనం రోజూ వాడే రూముకీ దీనికీ బహుశా చుట్టరికం ఉంది. అప్పట్లో సారా, నూనె, ఉప్పు చేపలు అన్నీ పీపాల్లోనే వెళ్ళేవి, అవి దొర్లకుండా పేర్చడమే పెద్ద పని. మరి అడుగున ఉన్న పీపా కావాలంటే? పైవన్నీ జరపాలి. అలా సర్దే మాటే 1600ల్లో వెతికే మాట అయింది, తర్వాత ఓడ దిగి మన బీరువాల్లోకి వచ్చింది. రమ్మేజ్ సేల్ అన్నది కూడా మొదట్లో రేవులో ఎవరూ తీసుకెళ్ళని సరుకు అమ్మకమే.

అమ్మమ్మ వంటిల్లు:
మన గాలించడం కూడా ఇంతే కదా! మా అమ్మమ్మ గిన్నెలో నీళ్ళు పోసి బియ్యం తిప్పుతూ పైకి తేలినవి ఇంకో గిన్నెలోకి ఒంపేది, రాళ్ళు అడుగున మిగిలేవి. అదీ గాలించడం అంటే. ఇప్పుడు ఆర్కే బీచ్‌లో ఎవరైనా గల్లంతైతే "గాలింపు ముమ్మరం" అని పేపర్లో వేస్తారు, బియ్యం మాత్రం ఎవరికీ గుర్తు రాదు. శోధించడం కూడా చూడండి, సంస్కృతంలో శుద్ధి చేయడమే.

గాజువాక నాన్న:
అందరికీ థాంక్సండీ, పాపకి మొత్తం చదివి వినిపించాను. ఇప్పుడు స్కూలు బ్యాగు మంచం మీద బోర్లించి రబ్బరు కోసం వెతుకుతోంది. ఏంటమ్మా ఈ చెత్త అంటే "పాత అర్థంలో చేస్తున్నా నాన్నా, సర్దుతున్నా" అంటోంది.