కనుమ అంటే కొండా, కొండల మధ్య దారా?

అందరికీ నమస్కారం. మా పాప సాంఘికశాస్త్రం చదువుతూ, "నాన్నా, లోయంటే కొండల మధ్య పల్లం. మరి కనుమంటే?" అనడిగింది. తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని వల్లెవేసిన నోరు కదా, కొండలేనమ్మా అనేశాను. ఎందుకో అనుమానమొచ్చి నిఘంటువు తీస్తే, కొండల నడిమి త్రోవ అని ఉంది! మరి కొండలకా పేరెలా అంటుకుంది?

జవాబు: నిఘంటువుదే ఒప్పండీ. గిద్దలూరు నుంచి నంద్యాల పోవాలంటే నంది కనుమలో నల్లమల దాటాలి. కనుమ అంటే ఆ దాటే చోటు. తమిళ కణవాయ్, కన్నడ కణివె దీని చుట్టాలే. చిక్కు తెచ్చింది 'ఘాట్'. కొంకణ తీరం నుంచి దక్కను మీదికి ఎక్కే దారులు మరాఠీవాళ్లకి ఘాట్‌లు: బోర్ ఘాట్, థళ్ ఘాట్. కొండల వరుస పేరు సహ్యాద్రి. ఐరోపావాళ్లు దారి పేరు తీసి కొండలన్నిటికీ తగిలించారు, మనం దాన్ని తెలుగు చేసి కనుమలన్నాం. తమిళులు 'మేర్కు తొడర్చి మలై' అని, పడమటి వరుస కొండలనే అర్థంలో, హాయిగా తప్పించుకున్నారు. పాలక్కాడ్ దగ్గర ఆ కొండలు తెగి దాదాపు 30 కిలోమీటర్ల సందుంది. దాన్ని మనం 'కనుమల్లో కనుమ' అనాలి కాబోలు!

జవాబు: మా కడప వైపు గండి అని ఇంకోటుంది. ఏరు కొండను కోసుకుపోయిన చోటు. ఎర్రమల కొండల్ని పెన్న చీల్చిన చోట గండికోట, పాపఘ్ని వేరే కొండల్ని కోసిన చోట గండి ఆంజనేయస్వామి గుడి. చెరువుకు పడేదీ ఆ గండే. కోన వేరు. చుట్టూ కొండ, లోపల చెట్లూ నీళ్లూ ఉండాలి. తలకోన, పెంచలకోన చూడండి. లోయ అనే మాట మాత్రం మావాళ్ల నోట నేను వినలేదు, అరకు వెళ్లొచ్చినవాళ్లు తప్ప.

జవాబు: అలాగైతే మా కోనసీమలో కొండేదండీ? 🙂

జవాబు: అక్కడ కోన అంటే మూల అని చెబుతారు. గోదావరి పాయలకీ సముద్రానికీ మధ్య మూల. మాట ఒకటే, నేల వేరు.

అడిగినవాణ్ణి మళ్లీ నేనే. తిరుమల ఘాట్‌రోడ్డును పత్రికల్లో 'కనుమదారి' అని రాస్తుంటారు. ఇన్నాళ్లూ అది కృతకంగా ఉందనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే కనుమను సరైన చోట వాడింది వాళ్లే. కాకపోతే దారి రెండుసార్లు వచ్చింది.