“కొల్చువారికిన్” అంటే ఎవరికి?

హెబ్బాళ: “నీరము తప్తలోహమున” పద్యం తెలుసుగా, నీటిబొట్టు కాలిన ఇనుము మీద మాయమవుతుంది, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది, చిప్పలో పడితే ముత్యమే అవుతుంది. దాని నాలుగో పాదం “బౌరుషవృత్తు లిట్లధము మధ్యము నుత్తముఁ గొల్చువారికిన్” అనే నోటికొస్తోంది. ఈ కొలువు ఎక్కణ్ణుంచి వచ్చింది? సంస్కృత మూలంలో భర్తృహరిది సాంగత్యం మాట కదా! మూలకణాలు తాము పెరిగే జెల్‌ని బట్టి మారతాయని చెప్పే పోస్టరు మీద వేద్దామనుకుంటే, కణం జెల్‌కి ఊడిగం చేస్తున్నట్టుంది.

మల్లేశ్వరం: పాదం సరైనదే. మీ చెవిలో ఉన్నది “సంసర్గతో జాయతే” పాఠం, అంటే గుణం సాంగత్యం వల్ల పుడుతుందని. తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి పట్టుకున్నది “అధమమధ్యమోత్తమజుషామ్ ఏవంవిధా వృత్తయః”. జుషామ్ కొల్చువారయింది, ఏవంవిధా వృత్తయః “వృత్తు లిట్లు”, అంటే నడతలు ఇలా, అయింది.

కోరమంగళ: ధాతుపాఠంలో “జుషీ ప్రీతిసేవనయోః” అండీ మేష్టారూ. ప్రీతి ముందు, సేవ తరువాత. పెద్దాపురం సంస్థానపు కవి కాబట్టి కొలువే గుర్తొచ్చింది!

యలహంక: కొలువు సంగతి అటుంచండి. “శుక్తిలోఁబడి”లో ఆ “లో” చూడండి. తామరాకు మీద బొట్టు పైపైన నిలుస్తుంది, చిప్పలోదాన్ని అన్నివైపులా చిప్పే కమ్ముతుంది. 2006లో మీసెంకైమల్ కణాలను, అంటే ఎముకగానో కొవ్వుగానో మారగల మూలకణాలను, జెల్ పైన పెంచి చూశారు. జెల్ గట్టిదనం మెదడంత మెత్తగా 1 కిలోపాస్కల్ దరిదాపుల్లో ఉంటే నాడీకణం పోలిక, 10 దగ్గర కండరం, 30 దాటితే ఎముక. అదంతా తామరాకు ప్రయోగం. జెల్ లోపల పొదిగితే లెక్క మారిపోతుంది. చుట్టూ ఉన్న వలను తెంచుకోలేకపోతే కణం కాళ్లు చాపలేదు, అది ఎముక మాట మరచి కొవ్వు దారి పడుతుంది.

హెబ్బాళ: మేం వాడేది మాట్రిజెల్. ఎలుక కణితి నుంచి తీసిన సరుకు, బ్యాచ్ బ్యాచ్‌కీ తేడా. అందులో ముత్యాలు ఆశించడం అత్యాశే.

మల్లేశ్వరం: అసలు స్వాతి ఏదీ? మూలంలో “స్వాత్యాం”, స్వాతి కార్తెలో అని, ఉంది. లక్ష్మణకవి దాన్ని వదిలేసి “సమంచిత ప్రభన్” అని పాదం పూరించాడు.

యలహంక: కణాన్ని పెరగమని, మారమని చెప్పే ప్రోటీన్, గ్రోత్ ఫ్యాక్టర్, ఏ రోజు వేయాలో అదే స్వాతి. రెండ్రోజులు అటూ ఇటూ అయితే చిప్ప ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

జయనగర్: భర్తృహరికి ఎలకూచి బాలసరస్వతి చేసిన అనువాదం ఎవరూ ఎత్తరేం? లక్ష్మణకవి కన్నా ముందువాడు.

మల్లేశ్వరం: “సురభిమల్లా! నీతివాచస్పతీ!” అని మకుటానికే చివరి పాదంలో సగం పోతుంది. ఇక అర్థం ఎక్కడ ఇముడుతుంది?

జయనగర్: ఆ ఇరుకులో ఇమిడ్చినవాడే కవి.

హెబ్బాళ: నా గొడవ మిగిలే ఉంది. పుట్టేది గుణమా, వృత్తా? గట్టి పళ్లెంలో చాలాకాలం పెరిగిన కణాలు మెత్తని జెల్‌లోకి మార్చినా ఎముక మొగ్గు వదలవు. అంటే గుణమేగా?

కోరమంగళ: త్వరగా మారిస్తే వదులుతాయిగా? అప్పుడది వృత్తే.

యలహంక: నాకింకో అనుమానం. “శుక్తిలోఁ బడి” అని విడదీయాలా, “లోఁబడి” అని కలిపి చదవాలా? కలిపితే చిప్పకు వశమై అని వస్తుంది, కొలువుతోనూ పొసగుతుంది.

మల్లేశ్వరం: అప్పుడు “శుక్తికి లోఁబడి” అనాలి. “కి” ఎక్కడుందో చూపించండి.